సేవకు వచ్చినవాడు ఎవరికి ఋణి?: తీరశిబిర స్వచ్ఛందసేవపై ఒక నైతిక పరిశీలన

ఉత్తరాంధ్ర గ్రామనామాల్లో ‘వలస’ అనే ఉత్తరపదం తరచుగా వినిపిస్తుంది. విజయనగరం జిల్లాలోని కొత్తవలస వాటిలో ఎక్కువమందికి తెలిసిన పేరు. ఉన్నచోటు విడిచిపోవడాన్ని వలస అంటారు. ఊరిపేరులో చేరినప్పుడు అదే మాట, విడిచివచ్చినవారు నిలదొక్కుకున్న చోటును సూచిస్తుంది. పోకనూ నిలుకడనూ ఒకే పదం మోయడంలో ఒక లోకానుభవం దాగి ఉంది. వచ్చినవాడు ఎల్లకాలం వచ్చినవాడుగానే ఉండిపోడు. దున్ని, నాటి, పక్క ఊరితో వియ్యమంది, పోయినవారిని ఆ మట్టిలోనే కలిపిన తరువాత అతడు ఆ ఊరివాడే. కొత్తవలసలో నేడు కాపురముంటున్నవారిని ఆ పేరు చూసి ఎవరూ వలసదారులనరు.

ఈ ఊరికి రాకతో ఎంత సంబంధముందో పోకతోనూ అంతే ఉంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం రేవుకు చేర్చి జపానుకు ఎగుమతి చేయడం కోసం 1960వ దశకంలో తూర్పు కనుమల గుండా వేసిన కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం ఇక్కడే మొదలవుతుంది. సుమారు 445 కిలోమీటర్ల ఆ దారి మీదుగా కొండల్లోని ఖనిజం కిందికి దిగివస్తుంది, అరకు లోయ చూడదలచిన యాత్రికులు పైకి వెళతారు. పనికోసం దూరరాష్ట్రాలకు పోయే ఉత్తరాంధ్ర కూలీలు బయలుదేరేదీ ఇటువంటి స్టేషన్ల నుంచే. ప్రయాణం ఒకటే అయినా ఒకరిది యాత్ర అనిపించుకుంటుంది, మరొకరిది వలస అనిపించుకుంటుంది. ఈ రెంటి పక్కన ఇటీవలి దశాబ్దాల్లో ‘సేవ’ అనే మూడవ పేరు గల ప్రయాణం వచ్చి చేరింది. ఈ వ్యాసం పరిశీలించేది దానినే.

ఒక యువకుడో యువతో స్వదేశం విడిచి, విమానం ఎక్కి, రుసుం చెల్లించి, కొన్ని వారాలపాటు పరాయి సముద్రతీరంలోని శిబిరంలో ఉంటారు. బస వెదురు గుడిసెలోనో గుడారంలోనో. వెలుగు సౌరదీపానిది. ప్లాస్టిక్ నిషిద్ధం. పగలు ఒడ్డున చెత్త ఏరుతారు, రాత్రి తాబేళ్ల గూళ్లకు కాపలా కాస్తారు, వెళ్లేనాడు ధ్రువపత్రం అందుకుంటారు. గ్రీసు దేశంలో 1983లో ఏర్పడిన ఆర్కెలాన్ సంస్థ తీరశిబిరాలు చాలాకాలంగా ఈ పద్ధతిలోనే నడుస్తున్నాయి. కోస్తారికాలోని టోర్టుగెరో తీరం, శ్రీలంక నైరుతి తీరాన ఉన్న కొస్గొడ ఇటువంటి సేవకు పేరుపడ్డ చోట్లు. ఐసెక్ వంటి అంతర్జాతీయ విద్యార్థి సంస్థల ద్వారా తెలుగు విద్యార్థులు కూడా స్వచ్ఛందసేవకు విదేశాలు వెళుతున్నారు. ఉత్తరాంధ్రలో ఋషికొండ తీరానికి 2020లో బ్లూఫ్లాగ్ గుర్తింపు లభించిన నాటినుంచి పర్యావరణహిత తీరం అనే భావన ఇక్కడా పరిచితమైంది.

ఇటువంటి ప్రయాణం మంచిదా చెడ్డదా అని అడిగితే సులభంగా రెండు జవాబులు వస్తాయి. రెండూ తొందరపాటు జవాబులే. అంతకుముందు తేల్చుకోవలసిన ప్రశ్న మరొకటుంది: ఈ వ్యవహారంలో ఇచ్చేవాడు ఎవరు, పుచ్చుకునేవాడు ఎవరు? శిబిరాలు తమ ప్రకటనల్లో సేవకుణ్ణి దాతగా చూపుతాయి. కొద్దికాలానికి వచ్చిన స్వచ్ఛందసేవకుడు దాత కాడు, ఋణి. ఆ ఋణాన్ని అతడు ఒప్పుకుంటాడా లేదా అన్నదానిని బట్టే అతని సేవకు నైతిక విలువ ఏర్పడుతుంది. ‘వలంటీర్’ అనే మాట తెలుగునాట ఇప్పటికే దారి మళ్లిన సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు వలంటీర్ల వ్యవస్థ మొదలైన తరువాత ఆ పదానికి నెలకు 5,000 రూపాయల గౌరవవేతనం తీసుకొని ప్రభుత్వ పథకాలను ఇంటికి చేర్చే వ్యక్తి అనే అర్థం స్థిరపడింది. ఒక తీరాన డబ్బిచ్చి పనిచేసేవాడూ వలంటీరే, మరొక ఊళ్లో డబ్బు పుచ్చుకొని పనిచేసినవాడూ వలంటీరే. కనుక డబ్బు ఉండటం, లేకపోవడం అన్నది సేవకు లక్షణంగా పనికిరాదు. దీని పర్యవసానం తరువాత చూడవచ్చు.

రెండు శిబిరాలు, ఒక ఉపన్యాసం

అంతర్జాతీయ సేవాశిబిరాల చరిత్ర వినోదయాత్రలతో మొదలుకాలేదు. స్విట్జర్లాండుకు చెందిన ఇంజనీరు, శాంతివాది పియెర్ సెరెసోల్ 1920లో ఫ్రాన్సులోని వెర్డన్ సమీపాన ఎస్న్ గ్రామంలో మొదటి శిబిరం నడిపాడు. మొదటి ప్రపంచ యుద్ధం నేలమట్టం చేసిన ఊరు అది. నిన్నటివరకు ఒకరినొకరు చంపుకున్న దేశాల మనుషులు పార, గునపం పట్టి కలిసి ఇళ్లు కట్టాలని అతని సంకల్పం. వచ్చినవారిలో జర్మన్లూ ఉన్నారు. అయితే జర్మన్ల రాకను అక్కడివారూ అధికారులూ పూర్తిగా జీర్ణించుకోలేకపోయారు. కొన్ని నెలలకే ఆ శిబిరం ముగిసింది. సేవాచరిత్రలు దీనిని సాధారణంగా ఒక విఘ్నంగా పేర్కొని ముందుకు సాగుతాయి. కాని ఆ గ్రామం చేసినది చిన్నపని కాదు. ఇల్లు కూలినవానికి సైతం, తన ఇల్లు ఎవరి చేత కట్టించుకోవాలో నిర్ణయించుకునే హక్కు ఉందని అది తెలిపింది. సెరెసోల్ ఆ నిరాకరణను గౌరవించి వెనక్కు తగ్గాడు. అతని గొప్పతనం శిబిరం పెట్టడంలో ఎంత ఉందో ఎత్తివేయడంలోనూ అంతే ఉంది.

1934 జనవరిలో బిహారులో పెనుభూకంపం వచ్చినప్పుడు అదే సెరెసోల్ భారతదేశానికి వచ్చి, కొద్దిమంది సహచరులతో గ్రామాల పునర్నిర్మాణంలో పాల్గొన్నాడు. విదేశీ స్వచ్ఛందసేవ ఈ దేశానికి వచ్చిన తొలి సందర్భాల్లో అదొకటి. పరపాలనలో ఉన్న దేశానికి ఒక ఐరోపావాసి పాలించడానికి గాక మట్టి మోయడానికి రావడం ఆనాటికి కొత్త.

ఇది జరిగిన మూడు దశాబ్దాలకు ఇవాన్ ఇలిచ్ ఈ ఆదర్శానికి ఎదురు నిలిచాడు. 1968 ఏప్రిల్‌లో మెక్సికోలోని క్వెర్నవాకాలో, వేసవి సేవకు రాదలచిన అమెరికన్ విద్యార్థులను ఉద్దేశించి అతడు చేసిన ఉపన్యాసం నేటికీ చర్చలో ఉంది. వారి సదుద్దేశాన్ని అతడు శంకించలేదు, ఆ సదుద్దేశమే ప్రమాదమన్నాడు. భాష రాని, పరిస్థితి తెలియని, కాదనే అవకాశం ఎదుటివారికి ఇవ్వని మనిషి చేసే మేలు ఒక విధమైన చొరబాటేనని అతని వాదం. చూడటానికి, చదువుకోవడానికి రావచ్చు గాని సాయం చేయడానికి రావద్దన్నది అతని సలహా. వియన్నాలో పుట్టి, అమెరికాలో మతాచార్యుడిగా పనిచేసి, మెక్సికోలో స్థిరపడిన వ్యక్తి ఈ మాట అనడం కొంత విచిత్రమే. అతడు చెప్పినది తనకు వర్తించదని ఎందుకు అనుకోవాలి? భాష నేర్చుకున్నాడు, ఉండిపోయాడు అన్నది బహుశా సమాధానం. మరి ఉండిపోలేనివారికి దారి ఏది? ఇలిచ్ దగ్గర దీనికి జవాబు లేదు.

సిగ్గుతో ఇవ్వడం

భారతీయ చింతన దానాన్ని గురించి చాలా చెప్పింది. వాటిలో ఈ సందర్భానికి ఎక్కువ పనికివచ్చేది తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లి. చదువు ముగించి ఇంటికి వెళ్లే శిష్యునికి గురువు చేసే ఉపదేశంలో దానం ఎలా చేయాలో ఉంది. శ్రద్ధతో ఇవ్వాలి, కలిగినదానికి తగినట్లు ఇవ్వాలి, సిగ్గుతో ఇవ్వాలి, భయంతో ఇవ్వాలి, ఎరుకతో ఇవ్వాలి అని ఆ ఉపదేశసారాంశం. శ్రద్ధ, ఎరుక అర్థమవుతాయి. ఇచ్చేవాడు సిగ్గుపడటమెందుకు? పుచ్చుకునేవాడు గదా సిగ్గుపడవలసినది అని లోకం అనుకుంటుంది. ఉపనిషత్తు తలకిందులు చేసి చెప్పింది. ఇవ్వగలిగిన స్థితి తనకూ, పుచ్చుకోవలసిన స్థితి ఎదుటివానికీ ఎలా ఏర్పడ్డాయన్న స్పృహ కలిగినవానికి సిగ్గు సహజంగానే కలుగుతుంది. తన దానం ఎదుటివానిని గాయపరుస్తుందేమోనన్న శంక నుంచి భయం పుడుతుంది. అదే వల్లిలో అతిథిని దేవునిగా చూడమన్న బోధ కూడా ఉంది. ఆ మాట పర్యాటకశాఖల గోడల మీదికి ఎక్కింది గాని, దానికి దగ్గరలోనే ఉన్న ఈ సిగ్గుమాట ఎక్కడా ఎక్కలేదు.

భగవద్గీత పదిహేడవ అధ్యాయం దేశం, కాలం, పాత్ర చూసి ప్రతిఫలాపేక్ష లేకుండా చేసేది సాత్త్వికదానమని, తిరిగి ఏదో రావాలని చేసేది రాజసమని విభజించింది. ధ్రువపత్రం, ఛాయాచిత్రం, ఉద్యోగపు దరఖాస్తులో ఒక పంక్తి కోసం చేసే సేవ ఏ కోవలోకి వస్తుందో చెప్పనక్కరలేదు. అయితే ఈ విభజన దాత మనసును పరీక్షిస్తుందే గాని పుచ్చుకునేవాని స్థితిని పూర్తిగా పట్టించుకోదు. ఇమ్మాన్యుయేల్ కాంట్ 1797లో ప్రచురించిన నైతిక తత్త్వగ్రంథంలో ఈ లోటు కొంత తీరుతుంది. మేలు చేసేవాడు, ఎదుటివాడు దానిని స్వీకరించడమే తనకు గౌరవమన్నట్లు ప్రవర్తించాలని, లేకపోతే ఆ మేలు అవమానంగా మారుతుందని కాంట్ భావించాడు. ఫ్రెంచి సామాజికశాస్త్రవేత్త మార్సెల్ మోస్ 1925 నాటి వ్యాసంలో మరొక అడుగు వేశాడు. ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం అనే మూడు బాధ్యతలు ప్రాచీన సమాజాల్లో ఒకే గొలుసు. తిరిగి ఇవ్వలేనివానిని ఆ గొలుసు కింద పడేస్తుంది. బదులు తీర్చనివ్వని దానం పుచ్చుకునేవానిని తక్కువవానిని చేస్తుంది.

తీరశిబిరంలో ఈ చిక్కును తప్పించుకునే ఒక ఉపాయం ఉన్నట్లు కనిపిస్తుంది. సేవ మనిషికి కాదు, తాబేలుకు. తాబేలు అవమానపడదు, కృతజ్ఞత చెప్పదు, వద్దని అనదు. మనుషులకు సేవ చేయబోయి ఎదురుదెబ్బలు తిన్న యువత మూగజీవాల వైపు మళ్లడానికి ఇదొక కారణం కావచ్చు. కాని ఆ తాబేలు గుడ్లు పెట్టే ఇసుక మీద ఒక ఊరు ఉంది.

ఇసుక, దీపం, తొట్టి

శ్రీకాకుళం జిల్లాకు సుమారు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. కళింగపట్నం, బారువ వంటి చోట్ల ఏటా జనవరి మొదలుకొని ఏప్రిల్ వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఒడ్డుకు వచ్చి గుడ్లు పెడతాయి. ఒడిశాలోని ఋషికుల్య, గహిర్‌మాత తీరాల్లో వేలకువేలుగా ఒకేసారి వచ్చినట్లు ఇక్కడ రావు. ఒకటొకటిగా, చీకట్లో, ఎవరికీ తెలియకుండా వస్తాయి. గూటికి నూరు, నూట ఇరవై గుడ్లు. నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. పిల్ల ఆడదా మగదా అన్నది ఇసుక వేడిమి నిర్ణయిస్తుంది. వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగవి. కుక్కలు, నక్కలు తవ్వే చోట, అలలు కోసే చోట గుడ్లను తీసి రక్షణకేంద్రంలో పాతవలసి వస్తే పెట్టిన కొద్ది గంటలలోపే, అటూ ఇటూ తిప్పకుండా తీయాలి. ఆలస్యమైనా, దొర్లించినా లోపలి పిండం చనిపోతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న ప్రాణి కనుక అటవీశాఖ అనుమతి లేనిదే ఎవరూ గుడ్లను గాని పిల్లలను గాని తాకరాదు.

ఈ వివరాలు నైతిక ప్రశ్నకు దూరమైనవి కావు. ఇసుకలోంచి బయటపడిన పిల్ల వెలుతురున్న దిక్కుకు నడుస్తుంది. మనుషుల దీపాలు లేని రాత్రి సముద్రం మీది ఆకాశమే ఎక్కువ తెల్లగా ఉంటుంది కనుక అది నీటికి చేరుతుంది. ఒడ్డున విద్యుద్దీపం ఉంటే అటు తిరిగి, దారితప్పి, తెల్లవారి ఎండకు మాడిపోతుంది. అంటే తాబేలుకు మనిషి చేయగల సేవలో మొదటిది దీపం ఆర్పడం. చేతిలోని సెల్‌ఫోను వెలుగు కూడా అందులోకే వస్తుంది. ఆ వేళ అక్కడ లేకపోవడం ఇంకా మంచి సేవ కావచ్చు. వేల మైళ్లు ప్రయాణించి వచ్చినవానితో, నీవు చేయగల మేలు చీకట్లో కదలకుండా కూర్చోవడమే అని చెప్పడం శిబిర నిర్వాహకునికి కష్టం. వచ్చినవానికి చేతినిండా పని కావాలి, మనసునిండా అనుభవం కావాలి.

ఈ అవసరం ఎక్కడికి దారితీస్తుందో శ్రీలంక తీరంలోని కొన్ని గుడ్ల పొదుగు కేంద్రాలు చూపాయి. గుడ్డు నుంచి వచ్చిన పిల్ల మొదటి ఒకటి రెండు రోజులు ఆగకుండా ఈదుతుంది. తీరం దగ్గరి వేటచేపల నుంచి తప్పించుకొని లోతు నీటికి చేరడానికి ప్రకృతి ఇచ్చిన శక్తి అది. ఆ పిల్లలను సందర్శకులు చూడటానికి, చేతపట్టి వదలడానికి వీలుగా తొట్లలో కొన్ని రోజులు నిలిపి ఉంచితే ఆ శక్తి తొట్టి గోడల మీదనే ఖర్చవుతుంది. సంరక్షణ శాస్త్రజ్ఞులు ఈ పద్ధతిని విమర్శిస్తూనే ఉన్నారు. ఇక్కడ దుర్మార్గులెవరూ లేరు. వచ్చినవాడు ప్రేమతోనే వచ్చాడు. అతని ప్రేమకు ఒక వస్తువు కావలసి వచ్చింది, ఆ వస్తువు అతని కోసం తొట్టిలో ఎదురుచూడవలసి వచ్చింది. కంబోడియా అనాథాశ్రమాలలో ఇదే నీతి మరింత దారుణంగా బయటపడింది. విదేశీ సేవకుల రాక పెరిగిన కొద్దీ ఆశ్రమాలూ పెరిగాయి. వాటిలో ఉన్న పిల్లలలో అత్యధికులకు తల్లో తండ్రో బతికే ఉన్నారు. దాత అవసరమే దీనుణ్ణి సృష్టించింది.

దీనికి భిన్నమైన ఉదాహరణ ఈ తీరానికి దగ్గరలోనే ఉంది. టెక్కలి సమీపంలోని తేలినీలాపురానికి ఏటా శీతకాలంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి చింతచెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లలను పెంచుకొని, ఎండలు ముదిరేవేళకు వెళ్లిపోతాయి. సైబీరియా నుంచి వస్తాయని ఊరి నమ్మకం. నిజానికి ఆ జాతులు దక్షిణాసియావే. నమ్మకంలో భౌగోళికం తప్పినా ఆచారం తప్పలేదు. అవి వస్తే వానలు, పంటలు బాగుంటాయని తరతరాలుగా వాటిని ఎవరూ కదిలించరు. వాటి రొదను, రెట్టను భరిస్తారు. ఆ ఊళ్లో ఎవరూ తమను సేవకులనుకోలేదు. శ్రీకాకుళానికి చేరువలోని శ్రీకూర్మంలో విష్ణువును కూర్మరూపంలోనే కొలిచే ప్రాచీనాలయం ఉంది. తాబేలు పవిత్రమన్న భావన ఈ తీరానికి ఒకరు వచ్చి నేర్పవలసిన పని లేదు. భావన ఒకటే చాలునని అనడం కూడా పొరపాటే. ట్రాలర్ల వలల్లో చిక్కి ఊపిరాడక చచ్చి ఒడ్డుకు కొట్టుకువచ్చే తాబేళ్లు ఏటా కనిపిస్తూనే ఉన్నాయి. అందుకే చెన్నై కేంద్రంగా పనిచేసే ట్రీ ఫౌండేషన్ వంటి సంస్థలు అటవీశాఖతో కలిసి మత్స్యకార గ్రామాల యువకులనే గూళ్ల కాపలాదారులుగా తీసుకోవడం వివేకవంతమైన ఏర్పాటు. ఏ రాత్రి ఏ గాలి వీస్తే తాబేలు ఎక్కుతుందో, ఇసుక మీది జాడ వచ్చినదో వెళ్లినదో వారికి చదవడం వచ్చు. విమానం దిగివచ్చినవానికి రాదు.

పాక ఎవరికి అందం

పర్యావరణహిత శిబిరం తాటాకు, వెదురు, మట్టిగోడ కోరుకుంటుంది. ఉత్తరాంధ్ర తీరంలో ఒకప్పుడు సర్వసాధారణమైన చుట్టిళ్లు, గుండ్రని మట్టిగోడ మీద నేలవైపు వాలిన గడ్డికప్పుతో గాలివానకు ఒదిగి నిలిచేవి. వాటి అందాన్ని, తెలివిని వాస్తుశిల్పులు నేడు మెచ్చుకుంటున్నారు. ఆ ఇళ్లల్లో ఉన్నవారు మాత్రం వీలు చిక్కగానే శ్లాబు వేసుకున్నారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను చూసిన తరువాత వారిని తప్పుపట్టగల సాహసం ఎవరికీ ఉండరాదు. పదిహేను రోజులు పాకలో ఉండటం నిరాడంబరత. ఏళ్ల తరబడి ఉండటం మరొకటి. మొదటిదాన్ని ఎంచుకోవచ్చు, రెండవదాన్ని ఎవరూ ఎంచుకోరు. పాకలో సౌరదీపం కింద కూర్చున్న అతిథి, కాంక్రీటు ఇల్లు కట్టుకున్న మత్స్యకారుణ్ణి ప్రకృతికి దూరమైనవాడని తలపోస్తే, తాను ఎక్కివచ్చిన విమానం కాల్చిన ఇంధనాన్ని కూడా అదే తూకంలో వేయాలి. ఆ తూకంలో పాక నెగ్గడం కష్టం.

ఇంతకంటె లోతైన అసమానత ప్రయాణానిదే. శ్రీకాకుళం, విజయనగరం తీరాల్లో చేపల వేటకు తగిన రేవులు, జెట్టీలు లేక వేలాది మత్స్యకారులు ఏటా గుజరాత్‌లోని వెరావల్‌కు పోయి అక్కడి బోట్ల మీద కూలికి పనిచేస్తారు. 2018 చివర్లో అలా పోయిన ఇరవై మందికి పైగా సముద్రంలో సరిహద్దు దాటారని పాకిస్థాన్ అధికారుల చేతికి చిక్కారు. పధ్నాలుగు నెలల నిర్బంధం తరువాత 2020 జనవరి 6న ఇరవై మంది వాఘా గుండా స్వదేశం చేరారు. ఆ ఏడాదే లాక్‌డౌన్ వచ్చినప్పుడు వెరావల్‌లో వేలమంది బోట్లలోనే చిక్కుబడి, చివరకు బస్సుల్లో ఇళ్లకు చేరవలసి వచ్చింది. ఒక దేశపు పౌరుడు మరొక దేశపు తీరానికి వీసాతో వచ్చి అలలను చూస్తూ నిలబడతాడు. ఆ తీరంలో పుట్టినవాడు అలల మీద కనిపించని గీత దాటి చెరసాల పాలవుతాడు. మొదటివాని రాకకు సేవ అని, రెండవవాని పోకకు వలస అని పేరు. పేర్లు పెట్టేది ఎవరో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

తాబేలు రక్షణకూ మూల్యముంది, దానిని ఎక్కువగా చెల్లించేదీ ఇతడే. తూర్పుతీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు యాంత్రిక పడవల వేటపై నిషేధం అమలులో ఉంటుంది. చేపల సంతానవృద్ధికి ఉద్దేశించిన ఆ అరవై ఒక్క రోజులూ ప్రభుత్వమిచ్చే భృతితో ఇల్లు గడవాలి. తాబేలు బయటపడే కిటికీ గల వల బిగిస్తే పట్టిన చేపలో కొంత జారిపోతుందని వేటగాళ్ల ఆందోళన. శిబిరవాసి త్యాగం రెండు వారాల సెలవు. మత్స్యకారుని త్యాగం పొయ్యి మీది కుండ. ఈ రెండింటినీ ఒకే మాటతో పిలవడం భాషకు న్యాయం కాదు.

ఇంత చెప్పిన తరువాత ఒక ఆక్షేపణ రావడం సహజం. ప్రతి సదుద్దేశాన్నీ ఇలా తూర్పారబడితే ఎవరు ఎవరికి తోడుపడతారు? దూరం నుంచి వచ్చినవారు ఈ నేలకు మేలు చేయలేదా? చేశారు. స్పెయిన్‌లో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం చేరి, 2009లో కన్నుమూసేవరకు నలభై ఏళ్లు అక్కడే ఉండి కరువు నేలలో ఆసుపత్రులు, బడులు, ఇళ్లు నిలబెట్టాడు. అతడు పరాయివాడన్న ఊహ ఆ జిల్లా పల్లెలకు ఎప్పుడో పోయింది. అది ఊరిపేరులోని వలస వంటి రాక. కనుక దోషం విదేశీయతలో లేదు. స్వల్పకాలంలో కూడా లేదు. ఒక్క రాత్రి మాత్రమే నిలిచేవాడు అతిథి అని మనుస్మృతి నిర్వచనం. రాకకు తిథి నియమం లేనివాడని మరొక వ్యుత్పత్తి. నెలల ముందే తేదీ ఖరారు చేసుకొని రుసుం కట్టి వచ్చే శిబిరవాసి ఆ రెండవ అర్థంలో అతిథి కాకపోయినా, ఇతరుల నీరు తాగి, ఇతరుల ఇసుక మీద నిద్రించి వెళ్లేవాడు గనుక మొదటి అర్థంలో అతిథే. అతిథికి గృహస్థు చేయవలసిన ధర్మాలను శాస్త్రాలు విస్తారంగా చెప్పాయి. అతిథి ధర్మాలను గురించి అంతగా చెప్పలేదు. బహుశా అతిథికి సిగ్గు సహజమని అవి అనుకొని ఉంటాయి.

ఇక రుసుం సంగతి. స్వచ్ఛందసేవకు డబ్బు కట్టడం హాస్యాస్పదమని, సేవను సరుకు చేయడమని విమర్శ ఉంది. నిజానికి ఆ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్న నిజాయితీ కలది ఆ డబ్బే. శిక్షణ లేని చేతులు రెండు వారాల్లో చేసే పనికి తీరంలో పెద్ద విలువ లేదు. ఆ చేతులు కట్టిన రుసుం నుంచి స్థానిక కాపలాదారుకు జీతం ముడితే దానికి విలువ ఉంది. తప్పు డబ్బు కట్టడంలో లేదు, డబ్బు కట్టినవాడు తన శ్రమను దానమనుకోవడంలో ఉంది. అతడు ఇసుక జాడ చదవడం, చీకట్లో ఓపిక పట్టడం, ఒక బతుకును దగ్గరగా చూడటం నేర్చుకొని వెళుతున్నాడు. నేర్చుకున్నవాడు ఇచ్చేదానికి తెలుగులో చక్కని పేరుంది: దక్షిణ. దక్షిణ ఇచ్చేవాడు దాత కాడు, శిష్యుడు. పుచ్చుకునేవాడు దీనుడు కాడు, గురువు. మోస్ చెప్పిన గొలుసు ఇక్కడ ఎవరినీ కింద పడవేయదు. ఈ దృష్టి అంగీకరిస్తే కొన్ని ఆచరణలు మారకతప్పదు. రుసుంలో ఎంత భాగం ఎవరికి చేరుతుందో తీరగ్రామానికి తెలియాలి. ఎంతమంది రావచ్చునో, ఏ నెలలో వద్దో ఆ గ్రామం చెప్పాలి. ఎస్న్ గ్రామానికి ఉన్న నిరాకరణ హక్కు దానికీ ఉండాలి. ధ్రువపత్రం మీద సంతకం రాత్రి కాపలాదారుడిదై ఉండాలి.

ఈ క్రమం ఊహాకల్పితం కాదనడానికి ఉత్తరాంధ్రలోనే సాక్ష్యముంది. శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ కొండల్లోని సవరల స్థితి చూశాడు. సవరలకు ఏదో చేయాలని తోచినప్పుడు ఆయన మొదట చేసినది బడి పెట్టడం కాదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లో ఉంచుకొని అతని దగ్గర సవరభాష నేర్చుకున్నాడు. ఏళ్లు పట్టింది. కొండల్లో తిరిగి జ్వరాల పాలై, క్వినైన్ వాడకంతో వినికిడి దెబ్బతిన్నది. సవరలకు వారి భాషలోనే పాఠపుస్తకాలు రాయడం, సొంత ఖర్చుతో బడులు నడపడం ఆ తరువాతి సంగతులు. సవరభాషపై ఆయన గ్రంథం 1931లో వెలువడింది. వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా గిడుగును తెలుగుశాఖలు ఏటా స్మరిస్తాయి. సేవలో ముందు శిష్యరికం, తరువాతే ఉపకారమన్న ఆయన క్రమాన్ని అంతగా గుర్తుచేసుకోవు. ఆయన దేశాంతరం పోలేదు. పర్లాకిమిడి కొండలు ఆయన ఇంటికి దూరం కావు. అయినా భాష తెలియనంతవరకు అది పరదేశమేనని ఆయనకు తెలుసు.

రెండు వారాలకు వచ్చినవానికి భాష నేర్చుకునే వ్యవధి ఉండదు. పంచాంగం చూడగల వ్యవధి మాత్రం ఉంటుంది. వెరావల్ బోట్ల మీదికి పోయే శ్రీకాకుళం యువకులు వానకాలం మధ్యలో బయలుదేరి ఎండాకాలానికి తిరిగివస్తారు. ఆలివ్ రిడ్లీలు ఒడ్డు ఎక్కేది జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో. ఆ జాడలు చదవగల చూపున్నవారిలో చాలామంది సరిగ్గా ఆ నెలల్లో అరేబియా సముద్రం మీద ఉంటారు. ఊళ్లో ఆడవారు, ముసలివారు, పిల్లలు ఉంటారు. బోటు యజమాని దగ్గర ముందుగా తీసుకున్న అడ్వాన్సు ఆ కుటుంబాన్ని వెరావల్‌కు కట్టిపడేస్తుంది. ఒక శిబిరం నెల రోజుల్లో వసూలు చేసే రుసుములో ఎన్నో వంతు ఆ అడ్వాన్సుకు సమానమవుతుందో, ఎందరు యువకులు ఆ నాలుగు నెలలు సొంత ఒడ్డున జీతానికి ఉండగలరో లెక్కకట్టడం కష్టం కాదు. తీరశిబిరాల ప్రణాళికల్లో సౌరదీపాల లెక్క, సేంద్రియ భోజనం లెక్క ఉంటాయి. ఈ లెక్కకు కూడా వాటిలో ఒక గడి కేటాయించవలసి ఉంది.